ధవళేశ్వరంలో ఎన్ని అడుగులైతే మన అరుగు మునుగుతుంది?

టీవీలో కింద ఎర్ర పట్టీ మీద అక్షరాలు పరుగెడుతుంటాయి. ధవళేశ్వరం వద్ద 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక, 13 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి విడుదల. మా అత్తగారు అదంతా విని ఒక్కటే అడుగుతారు. "అయితే మన గేదెల పాకలోకి ఎప్పుడొస్తాయే?"

2022 జూలైలో ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. రేవుకి వెళ్లే దారిలో మాది జిరాక్స్ షాపు. కంప్యూటరుంది, నెట్ ఉంది, ఏ3 సైజు ప్రింటరుంది. ఫోన్లో జిల్లా వరద మ్యాపు కూడా ఉంది. మాది కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న లంక. ఆ మ్యాపులో మా లంక మొత్తం ఒకటే నీలం రంగు. అబద్ధమేం కాదు, పెద్ద వరదొస్తే అంతా మునిగేదే. కానీ ఎవరి ఇల్లు ముందు, ఎవరి ఇల్లు తర్వాత, మధ్యలో ఎన్ని గంటలు దొరుకుతాయి? అది తెలిసింది మా మావయ్యగారికి. ఆయన చేతికర్ర పట్టుకుని రేవు దాకా నడిచి, నీళ్లు రావిచెట్టు వేళ్లని తాకడం చూసి వచ్చి, "రేపు భోజనాల వేళకి" అన్నారు. మర్నాడు పదకొండున్నరకి పాకలోకి వచ్చాయి.

మావయ్యగారికి ఎనభై దాటాయి. ఆయన తలలో ఉన్న లెక్కని కాగితం మీదికీ, ఫోన్లోకీ తెచ్చుకోవాలని ఆ వరద తీశాక కూర్చున్నాం. నేను, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, ఒక తాపీమేస్త్రీ, పడవ నడిపే మా బాబాయి. మొత్తం కుదురుకోవడానికి మూడు వరదలు పట్టింది. మీది గోదావరి లంకైనా, కృష్ణ ఒడ్డైనా, వాగు పక్కన ఊరైనా ఇదే దారిలో చేసుకోవచ్చు. ఖర్చు పెద్దగా లేదు. తిరుగుడు మాత్రం బాగా ఉంది.

ముందు మీ కొలబద్ద ఏదో తేల్చుకోండి

కంప్యూటర్ తెరిచే ముందు, ఏ అంకె పెరిగితే మీ ఊరికి నీళ్లొస్తాయో ఆ అంకెని పట్టుకోవాలి. మాకది గోదావరి మీదున్న ధవళేశ్వరం బ్యారేజీ. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. 2022లో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు.

ఇంకాస్త ముందుగా తెలియాలంటే ఎగువనున్న భద్రాచలం చూడాలి. అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. 2022 జూలై 16న 71.3 దాకా వెళ్లింది, 1986లో 75.6. అక్కడ పెరిగింది ధవళేశ్వరం దిగడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. అందుకని నా నోటుబుక్కులో రెండు ఊళ్ల అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. కేంద్ర జల సంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఫోన్లో పెట్టుకోండి. గూగుల్ వాళ్ల ఫ్లడ్ హబ్ కూడా చూడొచ్చు. నేను రెండూ చూస్తాను, కానీ లెక్క మాత్రం బ్యారేజీ అంకెతోనే కడతాను. ఊళ్లో అందరూ టీవీలో వినేది, మైకులో వినేది ఆ అంకే కదా.

కొలబద్ద తప్పు పట్టుకుంటే ఏమవుతుందో మా తమ్ముడు చూశాడు. వాడుండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న అందరూ ప్రకాశం బ్యారేజీ వైపే చూస్తున్నారు. నిజంగానే అక్కడ మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు వరద వచ్చింది. కానీ వాడి వీధిలోకి వచ్చినవి కృష్ణ నీళ్లు కావు, గండి పడిన బుడమేరు నీళ్లు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు రెగ్యులేటర్ దాటి, కొల్లేటికి పోయే వాగు అది. వాడు చూడాల్సిన అంకె వెలగలేరుది. "అక్కా, బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, ఇంకేం పర్లేదనుకున్నా" అన్నాడు తర్వాత. నగరంలో ఉన్నవాళ్లు ఈ ఒక్క పని చేసినా చాలు: మీ కాలనీ ఏ వాగు పల్లంలో ఉందో, ఆ వాగుకి రెగ్యులేటర్ ఎక్కడుందో కనుక్కోండి.

ఊరికో స్తంభం

ధవళేశ్వరంలో 14 అడుగులంటే మా వీధిలో 14 అడుగులని కాదు. ఆ అంకెని మన ఊరి భాషలోకి మార్చే మధ్యవర్తి ఒకటి కావాలి. మేము రేవు దగ్గర మంచినీళ్ల ట్యాంకు స్తంభం ఎంచుకున్నాం. దాని మీద నేల నుంచి మొదలుపెట్టి అడుగులు, అంగుళాలు ఎర్ర ఆయిల్ పెయింటుతో గీశాం. పంచాయతీలో అడిగే గీశాం లెండి.

తర్వాత వరదొచ్చిన ప్రతిసారీ మూడు గంటలకోసారి ఎవరో ఒకరు వెళ్లి ఆ స్తంభం ఫొటో తీయాలి. ఫొటోలో టైము ఎలాగూ ఉంటుంది. దాని ఎదురుగా ఆ సమయానికి ధవళేశ్వరం అంకె రాసుకోవాలి. ఒక వరద పూర్తిగా రాస్తే అర్థమైంది, అక్కడ పెరిగిన నీరు మా స్తంభం మీద కనిపించడానికి ఏడెనిమిది గంటలు పడుతోందని. ఆ తేడాని జరిపి చూస్తే రెండు అంకెలూ చక్కగా జత కుదిరాయి. ధవళేశ్వరం 13.75 అంటే, ఎనిమిది గంటల తర్వాత మా స్తంభం నాలుగడుగుల రెండంగుళాలు. మీ ఊరికి ఈ గంటలు వేరుగా ఉంటాయి. బ్యారేజీ దిగువన నది గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. మీరు ఏ పాయ మీద ఉన్నారు, ఎంత దూరంలో ఉన్నారు అన్నదాన్ని బట్టి మీదే లెక్క మీరు కట్టుకోవాలి. పక్క లంక పట్టిక అరువు తెచ్చుకోకండి.

మాకు మొదట తెలియని సంగతులు కొన్ని. నీరు పెరిగేటప్పుడు ఉన్న జత, తగ్గేటప్పుడు ఉండదు. బ్యారేజీ దగ్గర దిగిపోయినా లంక పల్లాల్లో నీరు చిక్కుకుని ఉంటుంది. కాబట్టి ప్రతి అంకె పక్కన పైకో కిందికో బాణం గుర్తు వేయాలి. రెండోది, మా లంక ఎగువ కొసకీ దిగువ కొసకీ ఒకే గంటలో జానెడు తేడా ఉంది. అందుకని దిగువన బడి గోడ మీద రెండో కొలత పెట్టాం. సముద్రానికి దగ్గరి ఊళ్లవాళ్లు పోటు, పాటు కూడా రాసుకోవాలి. అమావాస్య, పున్నమి పోటు మీద వరదొస్తే నీళ్లు పోవడానికి దారుండదు.

ఏటిగట్టుకి గండి పడితే ఈ పట్టిక చెత్తబుట్టలోకే. అది ముందే అందరికీ చెప్పి ఉంచండి.

గడప గడపకీ గొట్టం

ఇప్పుడు స్తంభం నుంచి ఇళ్లకి. ఏ ఇంటి గడప స్తంభం మీద ఏ గీతతో సమానం? ఇక్కడ పిల్లలు ఫోన్ తీసి జీపీఎస్‌లో ఎత్తు చూపించారు. నిలబడిన చోటే నిలబడితే ఐదు నిమిషాల్లో ఆరు మీటర్లు పైకీ కిందికీ ఆడింది. మా గడపకీ ఎదురింటి గడపకీ తేడా తొమ్మిదంగుళాలు. ఫోన్ ఎత్తు ఈ పనికి రాదు.

తర్వాత ఉచితంగా దొరికే ఎత్తుల డేటా దించాం. 2000 సంవత్సరంలో అమెరికా షటిల్ నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం ఉంది, ఇస్రో కార్టోశాట్-1 ఉపగ్రహంతో చేసినది వాళ్ల మ్యాపుల సైటు భువన్‌లో దొరుకుతుంది, యూరప్ వాళ్ల కోపర్నికస్ డెమ్ ఉంది. అన్నీ ముప్ఫై మీటర్ల గడులు, అంటే అంత చోటుకీ కలిపి ఒకటే ఎత్తు. రంగులేసి చూస్తే మా ఊరి మధ్యలో ఒక కొండ కనిపించింది! మేమంతా తెల్లబోయాం. కోనసీమలో కొండేమిటి? తర్వాత తెలిసింది, అది మా పెదమావయ్యగారి కొబ్బరి తోట. ఉపగ్రహానికి నేల కనపడదు, మట్టలు కనపడతాయి. జిల్లా మొత్తం మీద నీరు ఎటు పారుతుందో చూడ్డానికి ఆ డేటా పనికొస్తుంది. లంకలో ఇంటింటి లెక్కకి మాత్రం వాడొద్దు.

చివరికి పనికొచ్చింది మేస్త్రీగారి లెవెల్ గొట్టం. ముప్ఫై మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, అందులో నీళ్లు. ఒక కొస స్తంభం గీత దగ్గర, రెండో కొస మొదటి ఇంటి మెట్టు దగ్గర. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి టేపు పెట్టి తేడా రాసుకోవడమే. అక్కడి నుంచి ఇంకో ఇల్లు, అలా గొలుసుకట్టుగా. లోపల బుడగ చిక్కుకుంటే లెక్క తప్పుతుంది, అందుకని నీళ్లలో కాస్త ఇంకు కలిపితే బుడగ కనిపిస్తుంది. చివరి ఇంటి దగ్గర ఆపేయకండి. చుట్టూ తిరిగి మళ్లీ మొదలుపెట్టిన గీతకే రండి. మాకు తిరిగొచ్చేసరికి అంగుళంన్నర తేడా వచ్చింది. నూటపద్దెనిమిది ఇళ్లకి అంగుళంన్నర ఫర్వాలేదనుకున్నాం. జానెడు వచ్చి ఉంటే మళ్లీ కొలిచేవాళ్లం.

గొట్టం లేకుండా చేసే ఉపాయం కూడా ఉంది. వరద నీరు పైకెక్కుతున్నప్పుడు దాని అంచే లెవెల్. నీటి అంచు ఏ ఇంటి మెట్టుని తాకుతోందో ఫొటో తీసి, అదే సమయానికి స్తంభం అంకె రాసుకుంటే ఆ ఇంటి లెక్క తేలిపోయినట్టే. ప్రాణం మీదికి తెచ్చుకోకుండా, సొంత అరుగు మీద నిలబడి ఎవరిది వాళ్లు తీస్తే చాలు.

పాత వరదల గుర్తులు పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. ఏడు చెప్పమంటే తడబడతారు. "పెద్దమ్మాయి కడుపులో ఉందా అప్పటికి?" అని అడిగితే టక్కున చెబుతారు. ఇద్దరు వేరువేరుగా ఒకే గోడ చూపిస్తేనే నేను మ్యాపు మీద పెట్టాను. కొబ్బరి చెట్ల మొదళ్ల మీద ఒండ్రు గీత ఉంటుంది చూడండి, వరద తీసిన వారంలో దాన్ని మించిన సాక్ష్యం లేదు. రెండు వానలకే కొట్టుకుపోతుంది, కాబట్టి వెంటనే ఫొటో తీయాలి.

దారి మునిగే అంకె

ఇళ్లన్నీ కొలిచాక పడవ బాబాయి మా కాగితం చూసి నవ్వారు. "అమ్మాయ్, ఇళ్లు మునిగేదాకా ఎవరుంటారే? దారి రాయలేదేం?" అన్నారు.

నిజమే. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందని పేపర్లో రావడం మా వైపు ప్రతి ఏడూ మొదటి వార్త. అక్కడ ఒక్క గడప కూడా తడవకముందే రాకపోకలు ఆగిపోతాయి. మనిషిని పడవలో తేవచ్చు. గేదెని? నిండు గర్భిణిని? డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు వెళ్లే మనిషిని? వీళ్లందరికీ గడువు కాజ్‌వే మునిగే గంటే. మా రేవు దారి ధవళేశ్వరం 11 దగ్గరే మునుగుతుంది. మొదటి హెచ్చరిక రాకముందే అన్నమాట. హెచ్చరిక విని పశువుల్ని కదుపుదామనుకునేవాళ్లు అప్పటికే ఆలస్యమైపోతున్నారు. మేము చేసిన పని మొత్తంలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది ఈ ఒక్క అంకె.

కాబట్టి దారుల మీద అత్యంత పల్లంగా ఉన్న చోట్లు, తూములు, కల్వర్టులు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, బోరింగులు, మెరక మీద ఉన్న పశువుల కొష్టాలు, గడ్డివాములు, అన్నిటికీ గొట్టం పట్టండి.

మ్యాపు మీదికి

ఇక కంప్యూటర్. నేర్చుకోవాల్సింది భయపడేంత లేదు. జనమే కలిసి గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ అనే నెట్ మ్యాపులో ఖాతా తెరిచి, పైనుంచి తీసిన ఫొటో ఆధారంగా మీ ఊరి ఇళ్లు, డొంకలు, రేవులు గీయండి. ఎవరైనా చేయొచ్చు, ఉచితం. మా లంక అందులో ఒక ఖాళీ ఆకారంగా ఉండేది, పిల్లలు దసరా సెలవుల్లో నింపేశారు. పేర్లు తెలుగులో, ఊళ్లో పిలిచే పేర్లే పెట్టండి.

తర్వాత క్యూజీఐఎస్ అనే, మ్యాపులు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో క్విక్‌ఓఎస్‌ఎమ్ అనే ప్లగిన్‌తో మీరు గీసిన ఊరిని దించుకోవచ్చు. మొదట్లోనే ప్రొజెక్షన్‌ని, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిని, యూటీఎం 44 ఉత్తర జోన్‌కి మార్చండి. లేకపోతే దూరాలు మీటర్లలో కాకుండా డిగ్రీల్లో వస్తాయి, మొదటి నెలంతా నేను ఆ తప్పుతోనే కొట్టుకున్నాను. ఇంటింటి కొలతల్ని ఎక్సెల్‌లో వేసి, ఇంటి నంబరు కలిపి అతికిస్తే ప్రతి ఇంటికీ దాని అంకె వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. ఇంటర్‌పొలేషన్ అనే బటన్ నొక్కితే కొలవని చోట కూడా రంగులు నింపి పెడుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ మా ఊళ్లో రెండిళ్ల మధ్య మనిషి లోతు డొంక ఉంది, దానికి ఆ సంగతి తెలియదు. కొలిచిన చోట రంగు వేయండి, కొలవని చోట తెల్లగా వదిలేయండి.

రంగులు నాలుగు చాలు: 11.75 లోపే మునిగేవి, రెండో హెచ్చరిక లోపు, మూడో హెచ్చరిక లోపు, ఆ పైన. జనం వినే అంకెలతోనే మ్యాపు మాట్లాడాలి. ఇంకో సంగతి జిరాక్స్ షాపు మనిషిగా చెబుతున్నాను. మీ రంగుల మ్యాపు ఎవరో ఒకరు నలుపు తెలుపులో కాపీ తీస్తారు. అందులో ఎరుపూ ఆకుపచ్చా ఒకటే బూడిదరంగు. అందుకని రంగుతో పాటు ఆకారం కూడా మార్చాను: చుక్క, త్రిభుజం, చతురస్రం, అడ్డగీత.

ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు మంచం మీద ఉన్నారు, ఎన్ని పశువులు అన్న వివరాలు కోబోటూల్‌బాక్స్ అనే యాప్‌లో నింపాం. నెట్ లేకపోయినా నింపొచ్చు, తర్వాత పంపొచ్చు. అయితే ఈ వివరాలు బయటి మ్యాపులో ఎక్కించకండి. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇల్లు ఏదో లోకమంతా చూడాల్సిన పని లేదు. బడి, రేవు, బోరింగు అందరికీ. మనుషుల జాబితా మా ఐదుగురి దగ్గర, గ్రామ సచివాలయంలో ఒక కాపీ. అంతే.

ఆకాశం నుంచి చూస్తే

వరద రోజుల్లో మామూలు ఉపగ్రహ ఫొటోలో మబ్బు తప్ప ఏమీ కనపడదు. మబ్బుని దాటి చూసేది రాడార్. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహం తీసిన బొమ్మలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. సెంటినెల్-1 ఎంచుకుని, వీవీ అన్నది నొక్కి, వరదకి ముందు తేదీ ఒకటి, వరద తేదీ ఒకటి పక్కపక్కన పెట్టండి. నున్నటి నీటి మీద పడ్డ రాడార్ కిరణం అద్దం మీద పడ్డట్టు అవతలికి జారిపోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు. అందుకని నీళ్లు నల్లగా కనిపిస్తాయి. కొత్తగా నల్లబడినది ముంపు.

చెప్పడానికి ఇంత సులువు. మా కోనసీమలో మూడు చోట్ల మోసం చేస్తుంది. ఒకటి, ఎండిన ఇసుక తిన్నెలు కూడా నల్లగానే ఉంటాయి. వరదకి ముందు బొమ్మలో నదిలో నలుపంతా నీళ్లని అనుకుంటే, నది అప్పటికే నిండుగా ఉందనిపిస్తుంది. రెండు, జూలై, ఆగస్టుల్లో నాట్లేసిన మళ్లలో నీళ్లు నిలబెడతారు. అది ముంపు కాదు, సేద్యం. మూడోది అన్నిటికంటే చెడ్డది: కొబ్బరి తోటలో నడుము లోతు నీళ్లున్నా పైనుంచి మట్టలే కనపడతాయి, తోట పొడిగా ఉన్నట్టు చూపిస్తుంది. మా ఇళ్లన్నీ తోటల్లోనే. ఆ బొమ్మ నమ్మితే మా ఊళ్లో వరదే రాలేదు.

పైగా ఒక్కో ఉపగ్రహం అదే దారిలోకి తిరిగి రావడానికి 12 రోజులు. సెంటినెల్-1 అంటే రెండు ఉపగ్రహాల జంట. 2021 డిసెంబరులో ఆ జంటలో ఒకటి పాడైంది, తర్వాతది 2024 డిసెంబరులో గానీ ఎగరలేదు. నీరు బాగా ఎక్కువగా ఉన్న రోజునే అది మన నెత్తి మీద ఉండాలని రూలేం లేదు. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్లు వేరే ఉపగ్రహాలు కూడా కలిపి ముంపు మ్యాపులు భువన్‌లో పెడతారు, అవి చూడండి. పంట పొలాలు ఎంత మునిగాయో, నష్టం దరఖాస్తుకి ఏ సర్వే నంబర్లు జత చేయాలో తేల్చుకోవడానికి నాకు ఈ బొమ్మలు బాగా పనికొచ్చాయి. మనుషుల్ని కదపడానికి మాత్రం స్తంభమే చూస్తాను.

నీళ్లొచ్చిన రోజు

ఆ రోజు కరెంటు ఉండదు. తీగలు నీళ్లకి దగ్గరైతే లైన్ ఆపేస్తారు, ఆపాలి కూడా. సాయంత్రానికి సగం ఫోన్లు చచ్చిపోతాయి. అందుకని జూన్‌లోనే ఏ3 కాగితం మీద పది కాపీలు తీసి లామినేషన్ చేసి పెడతాను. మ్యాపు మీద గళ్లు గీసి, అడ్డంగా అక్షరాలు, నిలువుగా అంకెలు. "గ-4 గడిలో మూడో ఇల్లు" అంటే ఫోన్లో చెప్పినా, కేకేసి చెప్పినా అర్థమవుతుంది. పడవలో ఒకటి, బడిలో ఒకటి, సచివాలయంలో ఒకటి. వచ్చిన ఇంటి మీద మార్కర్ పెన్నుతో కొట్టేయడమే.

ఫోన్లో ఆర్గానిక్ మ్యాప్స్ గానీ, ఓస్మాండ్ గానీ వేసుకుని మన ప్రాంతం మ్యాపు ముందే దించుకోండి. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా పని చేయదని చాలామంది అనుకుంటారు. పని చేస్తుంది, కొబ్బరి చెట్ల కింద కాస్త తడబడుతుంది అంతే. బయటి నుంచి వచ్చిన రక్షణ బృందాలకి ఈ ఫోన్ మ్యాపు ఇచ్చి పక్కన మన పడవ మనిషిని కూర్చోబెట్టండి. మ్యాపు మీద రోడ్డు తిన్నగా ఉంటుంది. నీళ్ల కింద ముళ్లకంచె ఉందని బాబాయికే తెలుసు. ఇప్పుడు ఆ కంచెల్ని, కిందికి వేలాడే తీగల్ని కూడా మ్యాపులో ఎక్కించాం. నీరు పదడుగులు పెరిగితే తీగ పదడుగులు కిందికి దిగినట్టే.

వాట్సాప్ గురించి ఒక మాట. మా మొదటి ప్రయత్నంలో ఒక కుటుంబం చిక్కుకుందని మెసేజ్ వచ్చింది, లొకేషన్‌తో సహా. పడవ వెళ్లింది, ఇంట్లో ఎవరూ లేరు. వాళ్లు అప్పటికి ఐదు గంటల ముందే పునరావాస కేంద్రంలో భోంచేసి పడుకున్నారు. ఆ మెసేజ్ నాలుగు గ్రూపులు తిరిగి మళ్లీ మాకే వచ్చింది. అదే గంటలో నిజంగా చిక్కుకున్న ఇంటికి పడవ ఆలస్యంగా వెళ్లింది. ఎవరికీ ఏం కాలేదు గానీ నాకు ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి నుంచి రూలు పెట్టాం: మెసేజ్‌లో గడి, ఇంటి గుర్తు, ఎంతమంది, ఏ టైముకి చూసింది, ఈ నాలుగూ ఉండాలి. టైము లేని మెసేజ్‌కి ముందు ఫోన్ చేసి కనుక్కుంటాం. పని అయ్యాక అదే గ్రూపులో "గ-4 మూడో ఇల్లు, వచ్చేశారు" అని పెడతాం. గ్రూపులో దండాలు, శుభోదయాలు పెట్టేవాళ్లని ఆ మూడు రోజులూ నేనే బయటికి పంపిస్తాను. తిట్టుకుంటారు. తిట్టుకోనీయండి.

రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, ఏ ఆపదకైనా 112. ఈ మూడూ మ్యాపు మూలన పెద్ద అక్షరాల్లో అచ్చేయండి.

నీళ్లు తీశాక వారం రోజుల్లోనే కూర్చుని దిద్దుకోవాలి. తర్వాతైతే పాకల బురద ఎత్తడంలో, దరఖాస్తుల్లో పడిపోయి మర్చిపోతాం. పోయినసారి నేను దిద్దినవి: బడి వెనక నాలుగిళ్ల అంకెలు, రేవు దగ్గర కూలిన తూము, మావయ్యగారు ఒప్పుకోని ఒక గీత. ఆయన రెండంగుళాలు ఎక్కువ గీశారన్నారు, గొట్టం పెట్టి చూస్తే అంగుళమున్నర. మధ్యలో కొత్తగా సీసీ రోడ్డు పడింది, పాతదాని కంటే తొమ్మిదంగుళాలు ఎత్తు. దాని వెనకున్న ఆరిళ్లకి ఇంతకుముందు నీళ్లు ఆలస్యంగా వచ్చి తొందరగా పోయేవి. ఇప్పుడు ఎటు వస్తాయో, ఎలా పోతాయో మావయ్యగారు కూడా చెప్పలేకపోయారు. ఆ ఆరిళ్ల అంకెలు కొట్టేసి పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. ఈసారి ఎర్రనీరు రాగానే ముందు ఆ వీధిలోకే వెళ్లి రాసుకోవాలి.